ఏడో వరస

మా నాన్న జారిపడింది తను వేసిన గచ్చు మీదే. ఈ ముక్క ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఆ వారం మా ఇంట్లో జరిగిన గొడవంతటికీ మూలం అదే. వేరెవడో వేసిన గచ్చు మీద పడి ఉంటే వాణ్ణి నాలుగు తిట్లు తిట్టి ఊరుకునేవాడు. ఇది అలా కాదు. మూడు రోజులు మోకాళ్ళ మీద కూర్చుని, తన చేత్తో నునుపు పట్టి, అద్దంలా మెరిపించి, "దీని మీద చీమ కూడా జారాలి" అని వీధిలో వాళ్ళని పిలిచి మరీ చూపించుకున్న గచ్చు. చీమల సంగతి నాకు తెలియదు కానీ, ముప్పై ఏళ్ళ తర్వాత ఆయన మాత్రం జారాడు.

సోమవారం పొద్దున్న. నేను ఇంటి ముందు షెడ్డులో ఎవరిదో గేటుకి వెల్డింగు పెడుతున్నాను. మా ఆవిడ వెనకనుంచి పరిగెత్తుకొచ్చింది.

"ఏమండీ, మావయ్యగారు స్నానాల గదిలో పడ్డారు! తలుపు రావట్లేదు!"

తలుపు ఎందుకు వస్తుంది? లోపలి గడియ చేసింది నేను. బొటనవేలంత లావు ఇనుప కమ్మీతో చేశాను. అప్పట్లో నాకు పని కొత్త, బలంగా ఉంటే చాలు గొప్పదనుకునే వయసు. ఆ గడియ వేసుకుంటే ఏనుగు తోసినా తలుపు కదలదు. ఇప్పుడు ఏనుగు కాదు, నేను తోస్తున్నాను.

"నాన్నా! దెబ్బ తగిలిందా?"

"దెబ్బ సంగతి తర్వాత. కోత మిషను తెచ్చావా?"

"గడియ తియ్యలేవా?"

"తియ్యగలిగితే నిన్నెందుకు పిలుస్తానురా, బయటికొచ్చి టీ తాగుతూ ఉండేవాణ్ణి. ముందు పై మడతబందు కొయ్యి. కిందది ముందు కోశావంటే బరువంతా పైన పడి చట్రం పగులుతుంది. అది నేను బిగించిన చట్రం."

నేల మీద కూలబడ్డ మనిషి అయినా తలుపవతలినుంచి నాకు పని నేర్పుతున్నాడు. ఇరవై నిమిషాలు పట్టింది. తలుపు ఊడదీసి చూద్దును కదా, తడి నేల మీద గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. ఎలా అందుకున్నాడో, ఎలా చుట్టుకున్నాడో గానీ నడుముకి తువ్వాలు ఉంది. కుడిచెయ్యి మణికట్టు బన్నులా ఉబ్బింది. మమ్మల్ని చూసి మొదట అన్న మాట ఇది:

"గచ్చుది తప్పు కాదు. సబ్బుది."

మా నాన్నని వీధిలో మట్టం మేస్త్రి అంటారు. అసలు పేరు పోస్టుమాన్‌కి తప్ప ఎవరికీ గుర్తుండదు. రసమట్టం పెట్టి, ఆ గాజు గొట్టంలో బుడగ సరిగ్గా మధ్యకి వచ్చేదాకా ఏ గోడనీ వదలడని ఆ పేరు. మట్టానికి పరికరం వాడేవాడు కానీ, ఎత్తుకి మాత్రం టేపు ముట్టేవాడు కాదు. "టేపు నాకెందుకు? నేనే టేపుని" అనేవాడు. వంటగట్టు ఆయన బొడ్డు దాకా. కిటికీ ఆయన రొమ్ము దాకా. చేతులు కడుక్కునే తొట్టి ఆయన మోచేతి దాకా. యాభై ఏళ్ళు అలాగే కట్టాడు. మా వీధిలో సగం ఇళ్ళు ఆయన కట్టినవే కాబట్టి, సగం మంది ఆడవాళ్ళ భుజాల నొప్పులకి మా నాన్న బొడ్డే కారణం. మా ఆవిడైతే కాపురానికొచ్చినప్పటినుంచీ కాళ్ళ కింద పీట వేసుకుని వంట చేస్తోంది.

మర్నాడు మా అక్క దిగింది. అక్క పెద్ద ఆసుపత్రిలో హెడ్ నర్సు. ఆవిడ ఇంట్లోకి అడుగు పెడితే ఇల్లు వార్డు అయిపోతుంది, మనందరం మంచాల నంబర్లం అయిపోతాం. ఎక్స్‌రే తీయించింది. ఎముక విరగలేదు, బెణికింది. చేతికి పట్టీ కట్టింది. తర్వాత ఇల్లంతా తిరిగింది. వరండాలో చాప అంచు ఎత్తి చూసింది. నాన్న మంచం పక్కన వైరు కాలితో తన్ని చూసింది. మాత్రల డబ్బా తెరిచి, మూత మూసి, నాకేసి చూసింది. చివరికి స్నానాల గదిలోకి వెళ్ళి, చెప్పులు విప్పి తడి గచ్చు మీద ఒక్క అడుగు వేసి, టక్కున చట్రం పట్టుకుంది.

"ఇది స్నానాల గదా, స్కేటింగు మైదానమా?"

"నడవడం రానివాళ్ళు జారతారు," అన్నాడు నాన్న మంచం మీదనుంచి.

"నువ్వే కదా నాన్నా జారింది?"

"సబ్బు."

అక్క కుర్చీ లాక్కుని ఆయనకి ఎదురుగా కూర్చుంది. ఆసుపత్రిలో పేషెంటు బంధువులతో మాట్లాడే గొంతు తీసింది. ఆ గొంతు మెత్తగా ఉంటుంది, కానీ దాని ముందు ఎవడూ గెలవలేడు.

"చూడు నాన్నా. ఈసారి మణికట్టు. వచ్చేసారి తుంటి. తుంటి విరిగి వచ్చినవాళ్ళని నేను రోజూ చూస్తున్నాను. ఆదివారం మళ్ళీ వస్తాను. నువ్వు ఎవరి సాయం లేకుండా లోపలికెళ్ళి, స్నానం చేసి, జారకుండా బయటికి రావాలి. వచ్చావా, నీ ఇల్లు, నీ ఇష్టం. రాలేదా, నాతో వచ్చేస్తావు. మా ఫ్లాటులో లిఫ్టుంది. స్నానం చేయించడానికి మనిషిని పెడతాను."

"మనిషినా?"

"అలవాటున్న మనిషి. ఒళ్ళు రుద్దుతాడు, బట్టలు మారుస్తాడు."

నాన్న ఏమీ అనలేదు. మా నాన్న ఏమీ అనకపోవడం నేను జీవితంలో రెండుసార్లు చూశాను. అమ్మ పోయిన రోజు ఒకటి. ఇది రెండోది.

అక్క వెళ్ళాక, నేను తలుపుకి కొత్త మడతబందులు పెడుతుంటే వచ్చి పక్కన నిలబడ్డాడు.

"ఒరే. నా ఒళ్ళు నేను రుద్దుకోలేని రోజు వస్తే నేనే చెప్తాను. మీరు చెప్పక్కర్లేదు. ఆ రోజు ఇంకా రాలేదు."

"అక్కతో చెప్పు. నాతో ఎందుకు?"

"దానితో చెప్పగలిగితే నీతో ఎందుకు చెప్తాను?"

ఇక్కడ నా సంగతి ఒక ముక్క చెప్పాలి. ఎనిమిదో తరగతిలో ఉండగా ఒకరోజు నాన్న బడికొచ్చి, "మనిషి రాలేదు, రెండు రోజులు ఇటుకలు అందించడానికి రారా" అన్నాడు. వెళ్ళాను. ఆ రెండు రోజులు ఇప్పటికీ పూర్తి కాలేదు. అక్క చదువుకుంది, నేను ఇటుకలు మోశాను. తర్వాత ఆయన మీద కోపంతో ఇటుకలు వదిలి ఇనుము పట్టాను కానీ, ఇనుము కూడా ఏమీ పుస్తకం కాదు. అక్క ఫోనులో "కాల్షియం, విటమిన్" అంటుంటే నేను "ఆ, ఆ" అంటాను. ఫోను పెట్టేశాక మా ఆవిణ్ణి అడుగుతాను, ఏమిటే అది అని.

అందుకని, ఆ మంగళవారం నా మనసులోకి వచ్చిన మొదటి మాట: తీసుకుపోనీ. ఏరి కోరి చదివించుకున్న కూతురు కదా, చూసుకోనీ. నాకు పీడ వదులుతుంది. ఇలా అనుకుని, చెప్పులేసుకుని, స్టీలు పైపు కొనడానికి బయల్దేరాను. మనసుకీ కాళ్ళకీ పొత్తు కుదరని మనుషులుంటారు. నేను ఆ రకం.

అక్క చెప్పిన పనులు నాలుగు. గోడకి పట్టుకునే పైపు. నేల గరుకు చెయ్యడం. కూర్చుని పోసుకోవడానికి జారని స్టూలు. బయటినుంచి కూడా తీయగలిగే గడియ. నాలుగింటిలో రెండో దాని మాటెత్తగానే నాన్న లేచాడు.

"నా గచ్చు మీద ఉలి పెడితే నీ చెయ్యి విరుగుతుంది."

"పెట్టకపోతే నీ తుంటి విరుగుతుంది."

"పైపు పట్టుకుంటాను కదరా! పైపు ఉన్నాక జారడం ఎందుకుంటుంది? గచ్చు జోలికి రాకు."

సరే, గచ్చు పక్కన పెట్టాం. పైపు విషయానికి వచ్చాం. మంచి స్టీలు పైపు, రెండు చివర్లా వంచి, పలకలు అతికించి, ఒక్కో పలకకీ నాలుగు బోల్టులు. ఇలాంటి పనిలో నాకు వంక పెట్టే మొనగాడు లేడు, ఒక్క మా నాన్న తప్ప. ఆయన కుర్చీ తెప్పించుకుని స్నానాల గది గుమ్మం ముందు వేసుకున్నాడు. చేతికి పట్టీ, చెవి వెనక పెన్సిలు.

"ఎంత ఎత్తున పెట్టను?" అని టేపు తీశాను.

"టేపు లోపల పెట్టు. గోడకి టైల్సు చూశావా? ఒక్కోటి ఆరంగుళాలు. కిందనుంచి ఏడు లెక్కపెట్టు. ఏడో వరస పై అంచు నా మోచెయ్యి. మూడున్నర అడుగులు. సబ్బు గూడు చేతికి అందాలని ఆరోజు నేనే నిలబడి చూసుకుని వేశాను. బిగించు అక్కడ."

"ఒకసారి వచ్చి నిలబడితే..."

"నా మోచెయ్యి ఎక్కడుంటుందో నాకు తెలియదా? నీకు నేర్పింది ఎవరు?"

నేను వెళ్ళి గోడ పక్కన నిలబడి చూసుకున్నాను. ఏడో వరస నా మోచేతికి సరిగ్గా వచ్చింది. ఆయన ఎత్తే నాది. అందరూ అనే మాటే, పోత పోసినట్టు ఉంటాడని. సరిపోయింది కదా అని డ్రిల్లు పెట్టాను. లోపల ఎక్కడో ఒక అనుమానం ఉన్నట్టే ఉంది. కానీ ఆయన ముందు నోరు మూసుకోవడంలో నాది చాలా పెద్ద సర్వీసు. ఎనిమిది కన్నాలు పెట్టాను, ఎనిమిది బోల్టులు దిగ్గొట్టాను, పైపు బిగించి రెండు చేతుల్తో వేలాడి చూశాను. గోడ కదలలేదు, పైపు కదలలేదు.

"ఊ," అన్నాడు నాన్న. మా ఇంట్లో దాన్నే మెచ్చుకోవడం అంటారు.

చేతి వాపు తగ్గేదాకా పైపు పట్టుకోవద్దని అక్క హెచ్చరించింది కాబట్టి, శనివారం దాకా ఆయన దాన్ని ముట్టుకోలేదు. ఆ మూడు రోజులూ మా ఆవిడ వేణ్ణీళ్ళలో తువ్వాలు ముంచి ఇస్తే గదిలోకి పోయి తలుపేసుకుని ఒళ్ళు తుడుచుకున్నాడు. వీపుకి చెయ్యి అందక తంటాలు పడుతున్నాడని తెలుస్తూనే ఉంది. "నేను తుడవనా?" అని ఒకసారి బయటినుంచి అడిగాను. "వెళ్ళి గేటు చూసుకో" అన్నాడు.

శనివారం పట్టీ విప్పాం. మందీమార్బలంతో స్నానాల గదికి బయల్దేరాడు. ముందు ఆయన, వెనక నేను, నా వెనక మా ఆవిడ. గది పొడిగానే ఉంది. లోపలికెళ్ళి, పైపు పట్టుకున్నాడు.

మేము చూశాం. ఆయన చూసుకోలేదు కాబట్టి ఆయనకి తెలియదు. భుజం చెవి దాకా లేచింది. మోచెయ్యి గాల్లో ఉంది. రద్దీ బస్సులో పైకమ్మీ పట్టుకుని వేలాడే మనిషిలా ఉన్నాడు. స్టాపు రావడమే తరువాయి.

మా ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఇదేమిట్రా, ఇంత పైన పెట్టావు?"

"నువ్వు చెప్పిన చోటే పెట్టాను."

"ఏడో వరస అన్నాను."

"లెక్కపెట్టుకో."

లెక్కపెట్టాడు. వేలితో ఒక్కో టైలూ తాకుతూ రెండుసార్లు లెక్కపెట్టాడు. ఏడే.

"టేపు తే."

జీవితంలో మొదటిసారి టేపు అడిగాడు. తెచ్చాను. నేలనుంచి పైపు దాకా లాగాను. మూడున్నర అడుగులు, వెంట్రుకవాసి తేడా లేదు.

"నీ టేపు సాగింది."

"ఇనుప టేపు సాగుతుందా నాన్నా?"

"అయితే గచ్చు కుంగింది." అలా అనేసి, వెంటనే నాలుక కరుచుకున్నాడు.

ఆ ముక్కతో ఆయన తన ఉచ్చులో తనే పడ్డాడు. ఆయన వేసిన గచ్చు కుంగడమా? వర్షాకాలం నీళ్ళు మోకాలిదాకా నిలిచినప్పుడు పక్కింటి నేల పగిలింది గానీ మాది గీత పడలేదు. ఆ మాట వందమందికి చెప్పుకున్నాడు. ఇప్పుడు ఆ గచ్చు కుంగిందని ఒప్పుకోవాలి, లేకపోతే...

ఆయనే మెల్లగా వెళ్ళి, మంచం కింద పెట్టెలోంచి రసమట్టం తెచ్చాడు. పదేళ్ళుగా వాడకపోయినా గుడ్డలో చుట్టి దాచాడు. నన్ను కూర్చోబెట్టి నేల మీద పెట్టించాడు. ఇటు పెట్టమన్నాడు, అటు పెట్టమన్నాడు, గోడ మూలకి పెట్టమన్నాడు. ప్రతిచోటా నీళ్ళు పోయే కంత వైపు ఆయన ఇచ్చిన వాలు ఎంతో అంతే చూపించింది. గోడ వారన అడ్డంగా పెడితే బుడగ వచ్చి మధ్యలో కూర్చుంది, బడిలో మంచి పిల్లవాడిలా.

నాన్న ఆ బుడగని చాలాసేపు చూశాడు.

"గచ్చు కుంగలేదు," అన్నాడు.

"లేదు," అన్నాను.

"అయితే నేనే కుంగాను."

ఏడుపొస్తుందేమోనని భయపడ్డాను, ఆయనకో నాకో తెలియలేదు. కానీ ఆయన మొహంలోకి వచ్చింది ఏడుపు కాదు. లెక్క తప్పిన చోటు దొరికిన మేస్త్రి మొహం అది. గోడకి ఆనుకుని నిలబడ్డాడు. మడమలు ఆనించాడు. చెవి వెనకనుంచి పెన్సిలు తీసి నాకిచ్చాడు.

"కొలువు."

ఆయనే అందరినీ కొలిచేవాడు. ఆయన్ని కొలవడం నాకదే మొదటిసారి. తల మీద రసమట్టం అడ్డంగా పెట్టాను. జుట్టు ఎంత పల్చబడిందో దగ్గరనుంచి అప్పుడే చూశాను. పెన్సిలుతో గీత పెట్టి, టేపు లాగాను.

"ఎంత?"

"అయిదడుగుల మూడంగుళాలు."

"నేను అయిదడుగుల ఏడు!"

"ఉండేవాడివి."

"నాలుగంగుళాలు ఎక్కడికి పోయాయిరా?"

నా నోరు ఊరుకోదు కదా. "నా చదువు పోయిన చోటికే పోయి ఉంటాయి."

మా ఆవిడ నా వీపు మీద గిల్లింది. అనేశాక నాకూ గిల్లినట్టే ఉంది. నాన్న మాత్రం గోడకి ఆనుకునే నెమ్మదిగా అన్నాడు:

"అయితే దూరం పోలేదు. ఈ గోడల్లోనే ఉన్నాయి."

అంతలోనే ఆయన గొంతు మారిపోయింది.

"నిలబడి చూస్తావేం? బోల్టులు విప్పు! రేపు ఆ హెడ్ నర్సు వస్తుంది. పైపు ఆరో వరసకి దించు. మోచెయ్యి కాస్త వంగాలి, ఊతం దొరకాలి. ఉలి ఎక్కడ?"

"ఉలి ఎందుకు?"

"మణికట్టు బెణికింది నాది, బుర్ర నీది. గచ్చు గరుకు చెయ్యొద్దా? నాలుగంగుళాలు తగ్గినవాడి కాళ్ళని నమ్మి నునుపు నేల మీద వదుల్తావా?"

నేను ఉలి పెట్టాను. మొదటి దెబ్బకి ఆయన కళ్ళు మూసుకున్నాడు. రెండో దెబ్బకి ఒక కన్ను తెరిచాడు. మూడో దెబ్బకి, "అలా కాదురా, గాడిద పళ్ళలా పెడుతున్నావు, వాలుగా కొట్టు" అని మొదలెట్టాడు. నూలు దారం తెప్పించి, ఒక కొస మా ఆవిడ చేతికిచ్చి, ఒక కొస తను పట్టుకుని, గది అంతా గీతలు గీయించాడు. ఆ గీతల వెంటే నేను గంట్లు పెట్టాలి. ఒక్క గంటు పక్కకి పోయినా ఒప్పుకోలేదు. సాయంత్రం టీ వేళకి మొత్తం నేల పావుఅంగుళం లోతు గడులతో, తడి కాలు పట్టుకునేట్టు తయారైంది. మెరుపు పోయింది. దాని మీద మళ్ళీ రసమట్టం పెట్టించాడు.

"మట్టం పోలేదు. బాగుంది," అన్నాడు. "ఊ" కాదు. బాగుంది అన్నాడు. మా ఆవిడ సాక్షి.

ఏడో వరసలో ఎనిమిది కన్నాలు మిగిలిపోయాయి. తెల్ల సిమెంటు కలుపుతుంటే ఆపాడు. "రెండు ఉంచు. నా పాత ఎత్తు అది. ఏదో ఒకటి తగిలిద్దాం."

వెళ్తూ వెళ్తూ వంటింట్లోకి తొంగిచూశాడు. గట్టు ముందు నిలబడ్డాడు. ఆయన బొడ్డు దాకా ఉండాల్సిన గట్టు బొడ్డు దాటి పైకి వచ్చింది. కింద ఉన్న పీట చూశాడు. పీట ఎక్కాడు. దిగాడు.

"ఇదెప్పటినుంచి ఉంది ఇక్కడ?"

"మా పెళ్ళైనప్పటినుంచి మావయ్యా."

"చెప్పొచ్చు కదమ్మా!"

"చెప్పాను. నా ఎత్తులో కట్టాను, నువ్వే ఎదుగు అన్నారు."

ఆదివారం పదింటికి అక్క వచ్చింది. భుజాన పర్సు, చేతికి గడియారం, మొహంలో పరీక్ష పేపరు. స్నానాల గది చూసింది. నేల మీద అరికాలు రుద్దింది. పైపు పట్టుకుని ఊపింది. స్టూలు మీద కూర్చుని లేచింది. కొత్త గడియ చూసింది. లోపల వేసుకోవచ్చు, అవసరమైతే బయటినుంచి ఒక రూపాయి బిళ్ళ పెట్టి తిప్పితే వస్తుంది. ఈసారి దాన్ని సన్నగా, పొందిగ్గా చేశాను. వయసొచ్చింది నాకూ.

"ఇవన్నీ సరే. కానీ లోపల ఏమైనా అయితే బయటివాళ్ళకి ఎలా తెలుస్తుంది? నాన్నా, నువ్వు ఉన్నంతసేపూ మాట్లాడుతూ ఉండాలి."

"ఎవరితో? గోడతోనా?"

"ఎవరితోనైనా. గొంతు వినపడాలి."

"ఏం మాట్లాడను? ఉపన్యాసాలు నాకు రావు."

మా ఆవిడ తువ్వాలు మడతపెడుతూ అంది: "మీ అబ్బాయిని తిట్టండి మావయ్యా. మాటలు వెతుక్కోనక్కర్లేదు."

నాన్నకి ఆ ఆలోచన బాగా నచ్చింది. తలుపేసుకున్నాడు. గడియ పడింది. మేము ముగ్గురం బయట కుర్చీలు వేసుకున్నాం. నీళ్ళు పడ్డ చప్పుడు, వెంటనే గొంతు.

"వీడి గడియ చూడు, వేస్తే పడింది. ఇన్నేళ్ళకి వీడికి గడియ చెయ్యడం వచ్చింది! ముందు చేసింది జైలుకి పెట్టాల్సిన గడియ. ఈ స్టూలు కాలు ఒకటి కిర్రుమంటోంది, వెధవ, రబ్బరు సరిగ్గా తొడగలేదు..."

నీళ్ళు. సబ్బు పెట్టె చప్పుడు.

"...టైముకి తిండి తినడు. షెడ్డులో కళ్ళకి అద్దాలు పెట్టుకోడు. మొన్న కంట్లో రవ్వ పడితే నాకు చెప్పకుండా దాచాడు. నాకు తెలియదనుకున్నాడు..."

అక్క నవ్వు ఆపుకుంటోంది. నేను షెడ్డు వైపు చూస్తున్నాను.

"...వీడి చదువు మాన్పించడం నా బుద్ధి తక్కువ పని. రెండు రోజులని తెచ్చి ఉంచేశాను. అది నాది. ఆ తర్వాత చేసినవన్నీ వీడి బుద్ధి తక్కువ పనులు. ఆ వరండా గ్రిల్లు డిజైను చూడు, కోడికాళ్ళలా..."

అక్క నాకేసి చూసింది. నేను గోళ్ళలో మసి గీక్కుంటూ కూర్చున్నాను. ఆ మసి ఎంతకీ పోదు. ఇన్నేళ్ళనుంచి నేను ఆ మాట వినడానికి కాచుకుని ఉన్నాను. వస్తే ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్తాడని, అప్పుడు నేను తిరిగి ఏమనాలో కూడా తయారు చేసుకుని పెట్టుకున్నాను. ఆయన తలుపు అవతలినుంచి, ఒంటికి సబ్బు రాసుకుంటూ, కోడికాళ్ళకి ముందు పెట్టి చెప్పేశాడు. నేను తయారు చేసుకున్నదేదీ పనికి రాలేదు.

ఉన్నట్టుండి గొంతు ఆగిపోయింది.

నీళ్ళ చప్పుడూ లేదు. అక్క లేచింది. నేను జేబులో బిళ్ళ వెతుక్కున్నాను. మా ఆవిడ చేతిలో తువ్వాలు అలాగే ఉంది.

"నాన్నా!"

జవాబు లేదు. నేను బిళ్ళ గడియకి ఆనించాను.

"తిప్పకు!" అని కేక వినపడింది. "తువ్వాలు మర్చిపోయాను. ఎలా అడగాలా అని ఆలోచిస్తున్నాను. కూతురు ఉంది బయట."

మా ఆవిడ నవ్వు పట్టలేక గోడ పట్టుకుంది. తలుపు సందులోంచి తువ్వాలు అందించాను. ఒక తడి చెయ్యి వచ్చి లాక్కుంది. రెండు నిమిషాల్లో ఆయన బయటికొచ్చాడు. జుట్టు దువ్వుకుని, గుండీలు పెట్టుకుని, ఎడమచేత్తో చట్రం పట్టుకుని, అడుగులో అడుగు వేసుకుంటూ. అక్క గడియారం చూసుకుంది, ఆయన కాళ్ళు చూసింది, చివరికి మొహం చూసింది.

"సరే. ఉండు నీ ఇంట్లో. నెలకోసారి వచ్చి చూస్తాను."

"రా. టీ ఇస్తాం. కానీ ముందు మీ ఫ్లాటులో స్నానాల గది చూసుకో. నీకూ యాభై దాటింది. నీ ఎత్తు ఎంత?"

"అయిదు నాలుగు."

"ఎప్పుడు కొలిచారు?"

అక్క పర్సు భుజాన సర్దుకుంది.

మర్నాడే ఏడో వరస కన్నాల్లో రెండు కొక్కేలు బిగించాను, తువ్వాలుకి ఒకటి, చొక్కాకి ఒకటి. చెయ్యెత్తితే అందుతాయి. భుజానికి కసరత్తు అని అక్క కూడా ఒప్పుకుంది. వంటగట్టు దించే పని మొదలైంది. మా ఆవిణ్ణే నిలబెట్టి, ఆవిడ ఎత్తుకే నాన్న కొలిచాడు. పీటని ఏం చెయ్యాలో ఇంకా తేలలేదు.

వారం తిరక్కుండా ఎదురింటి టైలరు వచ్చాడు. వాళ్ళమ్మకి అలాంటి పైపే కావాలట. నేను పైపు కొలతలు రాసుకుని, వరండాలో కూర్చున్న నాన్న దగ్గరికి వెళ్ళాను.

"నాన్నా, ఎదురింట్లో పని ఉంది. ఎత్తు చూడ్డానికి మనిషి లేడు. రెండు రోజులు రా."

నాన్న నాకేసి కిందనుంచి పై దాకా చూశాడు.

"రెండు రోజులేనా?"

"రెండు రోజులే."

"ఆ మాట ఎవరు చెప్పినా నమ్మకూడదు," అంటూనే లేచాడు. పెన్సిలు చెవి వెనక పెట్టుకున్నాడు, గుడ్డలోంచి రసమట్టం తీశాడు, పోనీలే పాపం అన్నట్టు టేపు కూడా జేబులో వేసుకున్నాడు. వీధి దాటేటప్పుడు నా మోచెయ్యి పట్టుకున్నాడు. అది ఆయనకి సరిగ్గా అందే ఎత్తులో ఉంది.

ఎదురింటి ముసలమ్మ ఆయన్ని చూడగానే గడగడా చెప్పేసింది. "నేను అయిదడుగుల రెండంగుళాలు మేస్త్రీ, ఆ లెక్కన పెట్టించు."

"అందరం అలాగే అంటాంలే అమ్మా," అన్నాడు నాన్న. "వచ్చి ఆ గోడకి ఆనుకో."